అడుగు తగలని మేకు
(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగపూట వడ్రంగం మాటలేమిటని మీకు తోచవచ్చు. మా పెద్దలు చిత్తూరు జిల్లానుండి కోలారు బంగారపు గనులకు వలస వచ్చినవారు. 3 కిలోమీటర్లకు మించి లోతు దిగిన ఆ గనులలో కప్పు కింద దుంగ నిలిపి, నడుమ ఒక కొస సన్నంగా చెక్కిన మేకు కొట్టి బిగించేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. మా పిల్లలు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరు పోతున్నారు. కొందరికి అక్కడ కంప్యూటరు చెప్పినట్లు చెక్కను తొలిచే సి.ఎన్‌.సి. రౌటరు మీద పని దొరికింది. ఉలి పట్టని పని పనేనా అని ఇంట్లో పెద్దలు పెదవి విరుస్తారు.

ఈ ఉగాదికి టేకు పీటలో పనసచెక్క మామిడాకు పొదగాలనుకొన్నాము. మైసూరు అంబావిలాసంలో రోజ్‌వుడ్ తలుపులో దంతం పొదిగిన పని చూచినవారికి ఈ ఆశ ఎక్కడిదో తెలుస్తుంది. గుండ్రటి బిట్టుతో నిలువుగా తొలిస్తే ఆకు కొస మొద్దుబారింది. అందుకని 60 డిగ్రీల మొనగల బిట్టు పెట్టాము. దానితో గుంటకూ, ముక్కకూ అంచులు ఏటవాలుగా వస్తాయి. ముక్క 1 మిల్లీమీటరు దిగితే చుట్టూ సుమారు 0.58 మిల్లీమీటరు సందు మూసుకొంటుంది. ముక్కను బోర్లించి దింపాలి గనుక దాని బొమ్మను అద్దంలోవలె తిప్పి చెక్కాలి. ఇది మరచి ఒక పలక పాడుచేశాము.

గుంట 5 మిల్లీమీటర్లు తీసి, ముక్కనూ సరిగా 5 దిగేటట్లు లెక్క కట్టాము. జిగురు పూసి బిగించినా పైన వెంట్రుకవాసి సందు మిగిలింది. రంపపు పొట్టు కూరి కప్పిపుచ్చాము. గనిలో పనిచేసిన మా తాతగారొకరు ఆ చోట బొటనవేలి గోరు ఆనించి, “ఇది మాసికరా. అడుగు తగిలిన మేకు బిగుస్తుందా?” అన్నారు.

యంత్రం ముఖం చూడని మనిషి! తప్పు అక్కడే ఉన్నది. జిగురు పోవడానికి చోటు లేక ముక్క అడుగున ఆగిపోయింది. ఈసారి ముక్క 4 మాత్రమే దిగేటట్లు చెక్కాము. అడుగున 1 మిల్లీమీటరు జిగురుకు వదిలాము. ముక్క చుట్టూ మరి 2 లోతుగా తీశాము, దాని వీపుపలక వచ్చి పీటకు తగలకుండా. రాత్రంతా బిగించి ఉంచి, ఉదయం వీపును రంపంతో కోసి చిత్రిక పట్టాము.

తాతగారు గోరు ఆనించి మాట్లాడలేదు. తరువాత మనుమణ్ణి పిలిచి, ఆ 4 ఎక్కడ నొక్కావో చూపమన్నారు.

పీటను గుమ్మం పక్కన బల్లమీద ఉంచాము. పోయేటప్పుడు మీరూ గోరు పెట్టి చూడండి.