ప్రభుత్వం మీద దావా వేసిన విద్యార్థి



హైదరాబాద్ శివారులో సుచిత్ర దాటి కొంపల్లి మీదుగా దూలపల్లి వస్తుంటే అమెరికా చదువుల బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. జీఆర్ఈ కోచింగ్, ఐ-20, వీసా స్లాటు, బ్యాంకు లోను. వీటి గురించి చెప్పేవాళ్లు మీకు కావలసినంతమంది ఉన్నారు. ఆ దేశం ఏ సూత్రాల మీద నడుస్తుందో చెప్పేవాళ్లే తక్కువ. పట్టాలు అందుకున్న మీతో ఈరోజు నేను ఆ ఒక్క విషయమే మాట్లాడతాను. ఇక్కడే ఉండిపోయేవాళ్లకూ ఇది అవసరమని నా నమ్మకం.

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరం పక్కన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. వెబ్‌సైటు ఉంది, గుర్తింపు ఉంది, ఫీజులు కట్టించుకునే ఆఫీసూ ఉంది. లేనివల్లా తరగతులూ, పాఠాలు చెప్పేవాళ్లూ. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే తన ఏజెంట్లతో నడిపిన బూటకపు విశ్వవిద్యాలయం అది. 2019 జనవరిలో గుట్టు బయటపడింది. సుమారు 600 మంది చేరితే, ఆ ఏడాది దాదాపు 250 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారులు నేరం ఒప్పుకున్నారు. చదువు లేదని తెలిసే విద్యార్థులు చేరారని ప్రభుత్వం వాదించింది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. మోసపోయిన పిల్లలు మాత్రం లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చారు.

ఇక్కడిదాకా అప్పట్లో పేపర్లలో చదివే ఉంటారు. ఆ తరువాత జరిగింది చాలామందికి తెలియదు. 12,500 డాలర్ల ఫీజు కట్టిన ఒక భారతీయ విద్యార్థి అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశాడు. చదువు చెబుతామని డబ్బు తీసుకుని చెప్పలేదు, ఒప్పందం తప్పారు, నా డబ్బు నాకివ్వండి అన్నాడు. కింది కోర్టు 2022లో ఆ దావాను కొట్టేసింది. అతను అప్పీలుకు వెళ్లాడు. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం కింది కోర్టు తీర్పును తోసిపుచ్చి, దావా ముందుకు సాగవచ్చని చెప్పింది. గెలుపు ఓటముల మాట అలా ఉంచండి. పౌరసత్వం లేని ఒక కుర్రవాడు ప్రపంచంలోకెల్లా బలమైన ప్రభుత్వాన్ని బోనులో నిలబెట్టగలిగాడు. అమెరికా ప్రభుత్వానికి పునాది ఏమిటని నన్నడిగితే ఈ కేసే చూపిస్తాను.

1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజ్యాంగం రాసినవాళ్లు అధికారంలోకి వచ్చేవాడు మంచివాడే అయివుంటాడని నమ్మి రాయలేదు. ఎవడొచ్చినా హద్దు దాటకుండా ఏం చేయాలన్నదే వాళ్ల చింత. అందుకే చట్టం చేసే పని కాంగ్రెస్‌కు, అమలు అధ్యక్షుడికి, తీర్పు కోర్టులకు ఇచ్చి, ఒకరిని మరొకరు అడ్డుకునే వీలు పెట్టారు. 1952లో కొరియా యుద్ధం మధ్యలో, సమ్మె జరిగితే ఆయుధాలకు ఉక్కు దొరకదని అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకున్నాడు. కాంగ్రెస్ ఇవ్వని అధికారం మీకెక్కడిదని సుప్రీంకోర్టు 6–3 తేడాతో ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఫ్యాక్టరీలు యజమానులకు తిరిగి అప్పగించారు.

కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య కూడా అలాంటి గీతే ఉంది. ఇది మీకు పరీక్షలో రాదు, బతుకులో వస్తుంది. అక్కడ మీ డ్రైవింగ్ లైసెన్సు రాష్ట్రానిది, వీధిలో పోలీసు స్థానికుడు, వీసా మాత్రం కేంద్రానిది. కొన్ని రాష్ట్రాల్లో గంజాయి దుకాణాలు బాహాటంగా నడుస్తాయి. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా కేంద్ర చట్టంలో అది నేరం. మిత్రుడు రమ్మన్నాడని వెళ్లి, మీ వీసా ఏ ప్రభుత్వం చేతిలో ఉందో మరిచిపోకండి.

ఆ రాజ్యాంగం మొదటినుంచీ అందరినీ సమానంగా చూసిందని నేను చెప్పను. బానిసత్వాన్ని సహించిన పత్రం అది. దాన్ని 1865లో సవరణతో రద్దు చేశారు, అదీ ఘోరమైన అంతర్యుద్ధం తరువాత. మహిళల ఓటు హక్కు 1920 దాకా రాజ్యాంగానికి ఎక్కలేదు. భారతీయులు తెల్లవాళ్లు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో, ఆ తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనలు చేసి ప్రపంచానికి మందులు అందించిన కాలమంతా దాదాపు ఆ తీర్పు నీడలోనే గడిచింది. 1946లో చట్టం మారింది. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే 1948లో కన్నుమూశారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. ఈ దూరం దానంతటది తరగలేదు. కోర్టు మెట్లెక్కినవాళ్లూ, చట్టసభల్లో పట్టుబట్టినవాళ్లూ తగ్గించారు.

అలా కోర్టు మెట్లెక్కి, రాజ్యాంగ రక్షణ పౌరులకే పరిమితం కాదని తేల్చినవాళ్లు బట్టలుతికే దుకాణాలు నడిపిన చైనా వలసదారులు. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనీయులకు మాత్రం లైసెన్సులు నిరాకరిస్తుంటే యిక్ వో కేసు 1886లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టం ముందు సమానత్వం ఆ గడ్డ మీద ఉన్న ప్రతి మనిషిదీ అని కోర్టు చెప్పింది. 2025 వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల హోదా రికార్డులను ప్రభుత్వం ఒక్కసారిగా రద్దు చేసినప్పుడు ఆ పిల్లలకు అండగా నిలిచిందీ ఈ సూత్రమే. కొందరు కోర్టులకు వెళ్లారు. పలు రాష్ట్రాల్లో జడ్జీలు స్టే ఇచ్చారు. ఏప్రిల్ నెలాఖరుకు ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరించింది.

ఈ రక్షణకూ హద్దులున్నాయి, దాచను. కాన్సులేట్‌లో వీసా ఇవ్వబోమంటే సాధారణంగా ఏ కోర్టూ జోక్యం చేసుకోదు. విమానాశ్రయంలో అధికారి అడిగే ప్రశ్నల ముందు మీ హక్కులు పల్చన. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేయండి, మంచిదే. దానితోపాటు మీరు చేరే కాలేజీ గుర్తింపు మీరే సరిచూసుకోండి, కన్సల్టెన్సీ మాట నమ్మి సంతకం పెట్టకండి.

ఇక్కడ ఉండిపోయేవాళ్లకు ఒక మాట. మన రాజ్యాంగం రాసేటప్పుడు రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. కోర్టులకు మరీ ఎక్కువ అధికారం వద్దన్న ఆయన సలహా, ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణనిచ్చే మన 21వ అధికరణ మీద పనిచేసింది. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా ఆ పక్షానే నిలిచారు. తరువాత 1977లో కారణం చెప్పకుండా మేనకా గాంధీ పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వం అనుసరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని 1978లో కోర్టు తీర్పు చెప్పింది. మీ జేబులో ఉన్న పాస్‌పోర్టుకు ఆ తీర్పు అండ ఉంది.

వెళ్లేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. విమానం ఎక్కేముందు అమెరికా రాజ్యాంగం చదవండి. చిన్న పుస్తకం, సవరణలతో కలిపి ఒక సాయంత్రం పని. మీ వీసా కాగితాల నకళ్లు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. ఉండేవాళ్లు మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల మూడో భాగం చదవండి, ఓటరు జాబితాలో పేరుందో లేదో ఈ వారమే చూసుకోండి.