నడుముకు కట్టే బెల్టు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆదివారాలలో మన పిల్లలకు కరాటే నేర్పించాలని కార్యవర్గము తలపెట్టిన సంగతి మీ అందరికీ తెలిసినదే. ఆ మాట బయటకు రాగానే నలుగురైదుగురు తండ్రులు నన్ను అడిగినది ఒకటే. "మాస్టర్ సాబ్, బ్లాక్ బెల్టు ఎన్నాళ్ళకు వస్తుంది?" పిల్లవాడికి ఏమి వస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు. నేను తప్పు పట్టడం లేదు. రూపాయి ఇచ్చేవాడు చేతికి ఏమి వస్తుందో అడుగుతాడు. అందుచేత నాకిచ్చిన ఈ పది నిమిషాలలో తన్నులు, గుద్దుల సంగతి వదిలేసి ఆ బెల్టు గూర్చే మనవి చేస్తాను.

బెల్టు మొదట దేనికయ్యా అంటే, వేసుకున్న కోటు విడిపోకుండా ఉండడానికి. అంతే. జపానులో జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు 1882లో టోక్యోలో కొదోకాన్ అనే జూడో పాఠశాల పెట్టారు. మరుసటి సంవత్సరమే ఇద్దరు శిష్యులకు 'దాన్' అనే మెట్టు ఇచ్చారు. ఈ మెట్ల లెక్క కొత్తది కాదు, గో అని వాళ్ళు బల్ల మీద ఆడే ఆటలో అంతకు ముందే ఉన్నది. 1886 ప్రాంతంలో మెట్టు అందుకున్నవారు నల్లపట్టీ కట్టడం మొదలుపెట్టారు. మరి ఈ పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం? ఇవి చాలా తరువాత ఐరోపాలో వచ్చిన రంగులు. 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవైషి అనే జపాను గురువు వీటిని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. తెలుపు నుంచి నలుపు దాకా ఏళ్ళ తరబడి ఆగడం కష్టం గదా, మధ్యలో ఒక్కొక్క రంగు ఇస్తే నేర్చుకునేవారికి ఉత్సాహం నిలుస్తుంది. ఇది మంచి ఉపాయమే. చెడిపోయింది కూడా ఇక్కడే, ఆ ముచ్చట తరువాత చెబుతాను.

కరాటే పుట్టిన ఒకినావా దీవిలో అసలు బెల్టులే లేవు. అక్కడి గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యో వచ్చి ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండిపోయి, కానో పద్ధతి చూసి 1924లో తన శిష్యులకు మొదటిసారి దాన్ మెట్లు ఇచ్చారు. కొందరు మాస్టర్లు పిల్లలకు ఒక కథ చెబుతారు: తెల్లబెల్టు చెమటకూ మట్టికీ మాసి మాసి చివరకు నల్లబడుతుందని, దానిని ఉతకరాదని. నేనూ చెప్పినవాడినే. అది నిజం కాదు. నల్లబెల్టు గురువు ఇచ్చినది. బెల్టును సుబ్బరంగా ఉతుక్కోవచ్చు, తల్లులు భయపడనక్కర లేదు.

ఇంకొక విషయం. రంగుబెల్టుల లెక్కను 'క్యూ' అంటారు, అది పై నుంచి కిందికి దిగుతుంది. తొమ్మిదో పదో దగ్గర మొదలై ఒకటికి వస్తుంది. రంగులూ సంఖ్యలూ ఒక్కో శాఖలో ఒక్కో విధం. అక్కడి నుంచి దాన్ ఒకటి, రెండు, మూడు అని పైకి పోతుంది. ఆ మొదటి దాన్ పేరు షోదాన్, అనగా మొదలు మెట్టు. ఇన్నాళ్ళూ కింద పడి లేచింది మొదలుపెట్టడానికి! మన పిల్లలు అలిఫ్-బే దిద్దడం పూర్తి చేసి అక్షరాలు కలిపి చదవడం మొదలుపెట్టినట్లు. బ్లాక్ బెల్టు వచ్చింది, ఇక మానేస్తామనేవారు గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన చుట్టాల వంటివారు.

బెల్టుకు అసలు ఉపయోగం నా అనుభవంలో ఒకటే. ఎదుటివాడి నడుము చూడగానే వాడితో ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలియాలి. తెల్లబెల్టువాడికి పడడం రాదు. వాడికి దెబ్బ తగలకుండా చూసే పూచీ పెద్ద బెల్టువాడిది. పోటీలలోనైతే ఆ అర్థమూ ఉండదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే పెట్టినప్పుడు ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం బెల్టు కట్టారు. అది మనిషిని గుర్తుపట్టడానికే.

ఇదంతా జపాను వారి గొడవ, మనకేల అంటారేమో. దసరాకు అమలాపురం వెళ్ళి చెడీ తాలింఖానా చూసినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. తాలింఖానా ఎవరి మాట? మన ఇళ్ళలో చదువును తాలీమ్ అంటామే, ఆ మాటే. ఊరంతటికీ అది దసరా పండుగ మాట అయి కూర్చుంది. అక్కడ కర్రలు, కత్తులు తిప్పుతారు. కళ్ళకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి మీద పెట్టిన కాయను కత్తితో నరుకుతారు. ఒక్కరి నడుముకూ రంగుబెల్టు లేదు. ఎవరి చేతికి ఆ కత్తి ఇచ్చారో, ఎవరు వచ్చి నమ్మకంగా ఆ కత్తి కింద పడుకున్నారో చూస్తే చాలు, మెట్టు తెలిసిపోతుంది.

చెన్నైలో కరాటే, విలువిద్య నేర్పిన షిహాన్ హుసైనీ 2025 మార్చిలో పోయారు. షిహాన్ అనేది పేరు కాదు, పెద్ద గురువులకు ఉండే బిరుదు. మన మొగల్తూరు కుటుంబానికి చెందిన పవన్ కల్యాణ్ ఆయన వద్దే కరాటే నేర్చి బ్లాక్ బెల్టు పొందారు. మొదట నేర్పనన్నారని, బతిమాలగా ఒప్పుకున్నారని గురువు పోయినప్పుడు శిష్యుడే చెప్పుకున్నారు. నేర్పనని అనగలిగిన గురువు ఎంత అదృష్టమో! ఇప్పుడు మేము ఎవరినీ కాదనలేము.

ఎందుకంటే మా బ్రతుకు పరీక్ష ఫీజు మీద ఉన్నది. మూడు నెలలకొక పరీక్ష, పరీక్షకొక ఫీజు, బెల్టుకు వేరే, సర్టిఫికెట్టుకు వేరే. ఫెయిల్ చేస్తే పిల్లవాడు మరొక క్లాసుకు పోతాడు. దాచడం ఎందుకు, నేనే ఒక కుర్రవాడికి రాని గ్రీన్ బెల్టు ఇచ్చాను. వాళ్ళ నాన్నగారు మాకు హాలు అద్దె లేకుండా ఇస్తున్నారు. బెల్టు చూసి ఎదుటివాడు గట్టిగా తోశాడు. మావాడికి పడడం రాదు, మణికట్టు విరిగింది. హాస్పిటల్‌లో ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

తరువాత రెండేళ్ళకు ఒక ఆటో నడిపే భాయ్ తన కూతురిని తీసుకువచ్చాడు. పధ్నాలుగేళ్ళ పిల్ల. వేరే చోట ఏడాదిన్నరలో బ్రౌన్ బెల్టు తెచ్చుకున్నది. బ్లాక్ బెల్టు పరీక్షకు అప్పు కూడా మాట్లాడుకున్నాడు. ఆమెను పడి చూపమన్నాను. రాలేదు. పిడికిలి మూయమన్నాను. బొటనవేలు లోపల పెట్టి మూసింది. తండ్రి బయటకు వెళ్ళగానే "సార్, నాకేం రాదని నాకు తెలుసు. అబ్బాకి చెప్పొద్దు సార్" అన్నది.

చెప్పాను. ఆ అప్పు తేవద్దన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "ఆమెకు నిజంగా అవసరం వస్తే?" అని మాత్రం అడిగాడు. మర్నాడు పిల్ల తెల్లబెల్టు కట్టుకుని వచ్చి వరుసలో చివర నిలబడింది.

కార్యవర్గము వారికి నా విన్నపము. మన ఆదివారం క్లాసులో మొదటి ఏడాది పరీక్ష వద్దు, ఫీజూ వద్దు. పరీక్ష పెట్టిననాడు తల్లిదండ్రులు వచ్చి కూర్చోవాలి. తప్పినవారిని తప్పించే అధికారం నాకు ఇవ్వండి. హాలు ఎవరిదైనా సరే.

ఆ అమ్మాయికి ఇప్పుడు గ్రీన్ బెల్టు. మూడేళ్ళు పట్టింది. బెల్టు నడుముకు రెండు చుట్లు చుట్టి, రెండు కొసలూ సమంగా వచ్చేటట్లు ముడి వేయడం చిన్నపిల్లలకు ఆమే నేర్పుతోంది. వచ్చే ఆదివారం వస్తే చూడవచ్చు.

సెలవు. ఖుదా హాఫిజ్.