ఆటతో అబ్బే ఇంగ్లీషు

బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాలంటే బట్టీ కన్నా ఆట మేలు. ‘జంప్’, ‘సిట్ డౌన్’ అంటూ టీచర్ తాను చేసి చూపిస్తే పిల్లలు అర్థం అడగకుండానే చేసేస్తారు. ముందు వినడం, చేయడం, ఆ తర్వాతే పలకడం: అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ యాషర్ 1960లలో రూపొందించిన పద్ధతి సారం ఇదే. దీనికి వీడియోలు చాలవా అని అడగవచ్చు. 2003లో పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం ప్రచురించిన పరిశోధనలో, తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్లు తమతో ఆడిన మనిషి నోట విని చైనీస్ ధ్వనుల్లో తేడా పసిగట్టారు. తెర మీద చూసినవాళ్లు పసిగట్టలేదు. పసివయసులో భాషకు మనిషి తోడు ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇలా ఇంగ్లీషు నేర్పితే తెలుగు వెనకబడుతుందన్న భయం న్యాయమైనదే. వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన సాగాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. అందుకే ఇంగ్లీషు రోజుకు పావుగంట ఆటగా ఉండాలి. కథలు, కబుర్లు, ఊరడింపు తెలుగులోనే సాగాలి. తమకు ఇంగ్లీషు అంతగా రాదని అంగన్‌వాడీ టీచర్లు జంకనక్కర్లేదు. పది చిన్న మాటలు స్పష్టంగా పలికి, పిల్లలతో కలిసి ఆడితే మొదలుపెట్టడానికి అది చాలు. తప్పు పలికిన బిడ్డను మందలించకుండా, సరైన మాటను మళ్లీ పలికి వినిపిద్దాం.