బొగ్గు ఊరిలో పెరటి పంట

ఇల్లందు పేరు చెప్పగానే ఎవరికైనా బొగ్గు గుర్తుకు వస్తుంది. 1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకం ప్రారంభమైనది. చుట్టుపక్కలవారికి ఈ ఊరు నేటికీ బొగ్గుట్టయే. గనితోపాటు ఊరిలోకి ఒక కొత్త అలవాటు కూడా వచ్చినది. అంతవరకు కూర అంటే పెరటిలో కోసుకొనేది. నెల జీతం చేతికి వచ్చిన తరువాత అది సంతలో కొనుక్కొనేది అయినది. అందులో తప్పేమీ లేదు. భూమి అడుగున ఒక పూట పనిచేసి పైకి వచ్చిన మనిషిని ఇంటికి పోయి పాదులు తవ్వుమనడం న్యాయం కాదు. అయితే కూర కొనుక్కొనే ఇంట నెలాఖరున మొదట తగ్గేది బియ్యం కాదు, ఆకుకూర. అన్నం యథాప్రకారం ఉంటుంది. పక్కన చారు, పచ్చడి మిగులుతాయి. ఇంటి ఇల్లాలి రక్తహీనతకు, పిల్లల రేచీకటికి దారి తీసే లోటు ఇక్కడే మొదలవుతుంది.

పెరటి పంటను గురించి మాట్లాడేవారు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. ఇంటికి కావలసిన తిండి అంతా ఇంటనే పండించుకోవచ్చునని ఆశ పెడతారు. లెక్క చూడండి. ఐదుగురు ఉన్న ఇంట దినానికి రెండు కిలోల బియ్యం అనుకొంటే, ఏటికి 730 కిలోలు. అందుకు పదకొండు క్వింటాళ్ల వడ్లు కావాలి; అంటే నీటివసతి గల భూమి దాదాపు అర ఎకరం. కూరల మాట వేరు. రెండు కుంటల నేల, అనగా సుమారు 200 చదరపు మీటర్లు, సక్రమంగా సాగుచేస్తే ఐదుగురికి ఏడాది పొడుగునా కూరగాయలు వస్తాయని ఉద్యానశాస్త్రం తెలిసినవారు చెప్పే లెక్క. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో సుమారు రెండు కోట్ల ఇళ్లవారు పెరళ్లు వేశారు. ఆ దేశపు తాజా కూరగాయలలో దాదాపు 40 శాతం వాటినుండే వచ్చినదని అంచనా. గోధుమ మాత్రం పొలాలనుండే వచ్చినది. పెరటిని గాదెగా భావించక, కూరగిన్నెగా భావిస్తే నిరాశ ఉండదు.

మరి రెండు కుంటలు ఎందరికి ఉన్నవి? క్వార్టరు వెనుక అర కుంట, అనగా అరవై గజాలు ఉంటే అదృష్టమే. ఆ అరవై గజాలకైనా అడ్డువచ్చేది నేల కాదు, నీరు. మన ప్రాంతంలో ఏటికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. కాని దానిలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలనే. ఏప్రిల్, మే మాసాలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నవి. అప్పుడు చదరపు మీటరుకు నాలుగైదు లీటర్ల చొప్పున అర కుంట తడపాలంటే దినానికి పదిహేను బిందెల నీరు పోయాలి. ఒక వేసవిలో నేనూ ఆ సాహసం చేశాను. మే నెల రెండవ వారానికి బావి అడుగు కనిపించినది. వంగ, టమాటా ఎండిపోయినవి. ఇంటిలో తాగునీటికే కటకట అయినది. ఆ తరువాత పద్ధతి మార్చుకొన్నాను. పెరటిని వానాకాలాన్ని చూసి కాదు, మే నెలను చూసి వేసుకోవాలి.

మే నెలను చూసి వేయడమంటే ఏమిటి? స్నానాల గదినుండి, అంట్లు తోమే చోటునుండి వచ్చే నీరు ఎంత దూరం పారుతుందో అంతవరకే వేసవి పెరడు. ఆ కాలువ వెంట ఒక అరటి పిలక, ఒక మునగ, ఒక కరివేప, పందిరిమీద బచ్చలి తీగ. ఇవి నిలిస్తే చాలును. తక్కిన నేలను ఎండుటాకు కప్పి విశ్రాంతి ఇవ్వండి. సబ్బునీరు నేరుగా ఆకుకూరల మడిలోకి పోనీయవద్దు. అరటి పాదుకు పెట్టండి, అది తట్టుకొంటుంది.

మునగను గురించి ఒక మాట. ఆషాఢంలో మునగాకు తినడం మన పెద్దల ఆచారం. మనం కాయను మర్యాదగా చూసి ఆకును మేకకు వేస్తాము. కంటిచూపును కాపాడే ఏ విటమిను శరీరంలో తయారగుటకు కావలసిన పదార్థం ఆకులోనే సమృద్ధిగా ఉన్నది. పప్పులో వేసి, ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టండి. ఆ పదార్థం నూనె తోడుంటేనే ఒంటికి పడుతుంది.

ఈ ఊరికే ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. కట్టెల బూడిద మొక్కకు పొటాషు ఇస్తుందని అందరికీ తెలుసు. బొగ్గు బూడిదనూ అదే చేతితో చల్లేవారున్నారు. రెండూ చూపుకు ఒకటే, గుణానికి కావు. బొగ్గు బూడిదలో సీసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలు ఉండగలవు. బోరాన్ ఎక్కువై మొక్క మాడిపోగలదు. దానిని పెరటికి దూరంగా ఉంచండి. బొగ్గు లారీలు నడిచే బాటపక్క ఇల్లైతే, బాటవైపు ఆకుకూర వేయక కంచెమీద చిక్కుడునో కాకరనో పాకించండి. దుమ్మును కొంత అదే ఆపుతుంది.

ఇక కోతులు. అడవి అంచున కాపురమున్నవారికి ఈ బాధ వర్ణించి చెప్పనక్కరలేదు. జామ, బొప్పాయి వాటి పాలే. దురదగల చేమ, కంద, చేదుగల కాకర, ఘాటుగల పసుపు మాత్రం కొంతవరకు దక్కుతాయి. పూర్తిగా దక్కుతాయని హామీ ఇవ్వలేను.

కోళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. నాటుకోడి ఏటికి 50, 60 గుడ్లు పెడుతుంది. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజా జాతి పెరటిలోనే నూరు దాటి పెడుతుంది గాని, పొదగడంలో నాటుకోడికి సాటిరాదు. ఏ కోడియైనా, కొక్కెర తెగులుకు టీకా వేయించకపోతే ఒక్క వారంలో గూడు ఖాళీ కాగలదు.

విత్తనం దగ్గర మనం కోయ సోదరులవద్ద నేర్వదగినది ఉన్నది. వారి గూడేలలో కొత్త చిక్కుడు కాయను పండుగ చేసి దేవతకు అర్పించిన తరువాత గాని ఇంట వండరు. అది భక్తి. దానివలన మొదటి కాపు తొందరపాటున కోతకు గురికాక నిలుస్తుందని, విత్తనానికి మంచి కాయ దొరుకుతుందని నాకు తోస్తుంది. మనం తొలికాయను ఆత్రంగా కోసి, చివరి గొడ్డుకాయను విత్తనానికి వదలుతాము. మరునాడు విత్తనం మంచిది కాదంటాము. అంగడిలోని సంకర విత్తనం మొదటి ఏట బాగా కాస్తుంది. దాని గింజను తిరిగి నాటితే తల్లి గుణం రాదు. కనుక సొర, బీర, చిక్కుడు, గోంగూరలకైనా నాటు విత్తనం ఉంచుకోండి.

తీగమీద రెండవ మూడవ కాయలలో నిండైనదానికి గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టండి, ఇంటిలో ఎవరూ కోయకుండా. తీగపైనే ఎండనిచ్చి గింజ తీసి, పేడలో కలిపి గోడకు పిడకగా చరచండి. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడినప్పుడు పిడక విరిచి, గింజలను ఒక రాత్రి నానబెట్టి, గుంటకు మూడు చొప్పున పెట్టండి. పక్కింటివారికి కూడా నాలుగు ఇవ్వండి. మీ తీగ చచ్చిన ఏడు, వారి ఇంట విత్తనం దొరుకుతుంది.