సముద్రమున కావల సేవ
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన యువకులను సేవార్థము మూడు వారములు విదేశములకు పంపుటకై సంఘనిధినుండి ధన మీయవలయునను తీర్మానము మీ యెదుట నున్నది. దానిపై మా యభిప్రాయము చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. బడిపంతులమైన మేము దృష్టాంతము లేక మాటలాడ నేర్వము. కావున ఫిజీ ద్వీపముల వృత్తాంతము కొంత విన్నవింతుము.

1879 మొదలు 1916 వరకు అఱువది వేలకు పైగా భారతీయులు ఐదేండ్ల యొడంబడికమీద అచ్చటికి కూలికి పోయిరి. పెక్కురు చెఱకుతోటలలో పాటుపడిరి. 1903 మొదలు చెన్నపట్టణమునుండియు ఓడలు సాగెను. వానిలో మన తెలుగువారు నుండిరి. ఓడలో పంక్తిభేదము సాగలేదు. కులసభలో నీ మాట కొందఱికి రుచింపకపోవచ్చును. జరిగినది జరిగినట్లు చెప్పవలయును గదా!

1915 లో సి. ఎఫ్. ఆండ్రూసుగారు పియర్సనుగారితో నచ్చటికి పోయి కూలీల దురవస్థను విచారించి లోకమునకు వెల్లడించిరి. ఆ రాకపోక స్వల్పకాలికమే యైనను, 1920 లో ఒడంబడికలు రద్దగుటకు మిక్కిలి తోడ్పడెను. దానిని మేము తక్కువచేయము. అయినను, చూచి వ్రాయుట వేఱు, నిలిచి బడి నడపుట వేఱు.

1926 లో సాధు కుప్పుస్వామిగారు నాంది యను నూర దక్షిణ భారతీయులకై సన్మార్గ ఐక్య సంగమును స్థాపించిరి. (ఊరి పేరు వినగనే సంస్కృతము చదివిన మాకు నాటకారంభము స్ఫురించెను, అది యా దీవులవారి మాట, మన నాందితో సంబంధము లేదు.) ఆ సంగమువారి కోరికపై రామకృష్ణ మిషనువారు పంపగా 1939 లో రుద్రానందస్వామివారు వచ్చిరి. 1985 లో దేహము చాలించువఱకు, నలువదియాఱేండ్లు, ఫిజీయే వారికి స్వదేశమయ్యెను. పాఠశాలలకై పాటుపడిరి. 1943 లో చెఱకు వెలకై రైతులు పంట కోయమని పట్టుబట్టగా వారి పక్షమున నిలిచిరి. నివాసపరిసరములు దాటరాదని ప్రభుత్వము శాసించినను రైతులను విడువలేదు. అతిథి కిట్టి శిక్ష తటస్థింపదు; ఇంటివానికే తటస్థించును.

ఒక లోపమును దాచరాదు. సంగమునందు అరవమునకు గల యాదరము తెలుగునకు లేదని తోచి, మనవారు 1941 లో ఆంధ్రసంగమును వేఱుగా నేర్పఱచుకొనిరి. సేవకు వచ్చినవాడు ఎవరి భాషను మన్నించెనో, ఎవరిదానిని మఱచెనో, అచ్చటివారు కనిపెట్టుచునే యుందురు.

కావున తీర్మానమునకు మా సవరణ యిది. ఇరువదిమందిని మూడు వారములకు పంపు ధనముతో ఇద్దఱిని రెండేండ్లకు పంపుడు. వారు బయలుదేఱుటకు ముం దాఱు నెలలు ఆ దేశభాషను చదువవలెను. అచ్చటివారు పిలిచిన పనికే పోవలెను. పిలుపు రానియెడల ధనమును నిధియందే యుంచుడు.