గుత్తి కోటలో మూడు రోజుల నీళ్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి వచ్చినవాణ్ని కాబట్టి యుద్ధం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను సిగ్నల్స్‌లో ఉండేవాణ్ని. పేల్చిన తుపాకీ కన్నా లాగిన వైరే ఎక్కువ. అయినా మాట్లాడతాను.

మా బ్యాచ్ వాళ్లకు గుర్తుంటుంది. 1990లో దూరదర్శన్‌లో ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ వచ్చేటప్పుడు హాస్టల్లో ఉన్న ఒక్క టీవీ ముందు మేమంతా కిక్కిరిసి కూర్చునేవాళ్లం. కరెంటు పోతే ఆ వారం యుద్ధం మేమే ఆడేవాళ్లం. ఆ గోల చూసి మా సోషల్ సారు, “టిప్పు నాయన హైదరాలీ మన పక్కనే గుత్తికి వచ్చినాడు రా, ఆ కథ వినండి” అని ఒక పీరియడంతా చెప్పినారు. ఇప్పటికీ టీవీలో ముట్టడి సీరియల్ ఏది వచ్చినా చూస్తాను. ఫిరంగులు, గుర్రాలు, డైలాగులు అన్నీ ఉంటాయి గానీ, ఆ సైనికులకు దాహం మాత్రం వేయదు. మన సీమవాళ్లం నమ్మలేని సంగతి అదొక్కటే.

గుత్తిని ఏలిన మురారిరావు ఘోర్పడే సామాన్యుడు కాదు. 1743లో తిరుచిరాపల్లి కోటలో నిజాం సేనలు చుట్టుముడితే, బేరమాడి కోట అప్పగించి బయటపడినవాడు. 1751లో ఆర్కాటులో క్లైవు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు అతనికి సాయంగా సేనతో కదిలినవాడు. అంటే లోపల ఉండటమూ తెలుసు, బయట ఉండటమూ తెలుసు. అలాంటివాడు 1776లో హైదరాలీకి చిక్కినాడు. కింది ఊరు పోయింది, అందరూ కొండమీదికి చేరినారు. గుత్తి కొండ ఎక్కినవాళ్లకు తెలుసు, ఆ రాతిని ఫిరంగితో కొట్టి గెలవడం కష్టం. కానీ పైన తొలిచిన బావులు, దొనలు వాన కురిస్తేనే నిండుతాయి. మనుషులు, గుర్రాలు, పశువులు అన్నీ ఒకేసారి పైకెక్కితే ఆ నీళ్లు ఎన్నాళ్లని వస్తాయి?

మురారిరావు బేరానికి దిగినాడు. పన్నెండు లక్షలకు ఒప్పందం కుదిరింది. కొంత డబ్బు, నగలు పంపి, మిగతాదానికి జామీనుగా తన సేనానుల్లో ఒకాయన కొడుకును హైదరాలీ శిబిరానికి పంపినాడు. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ చెప్పిన ప్రకారం, హైదరాలీ ఆ కుర్రవాణ్ని ఎంతో మర్యాద చేసి, భోజనం పెట్టి, మాటల్లో పెట్టినాడు. కోటలో మూడు రోజులకు మించి నీళ్లు లేవని వాడి నోటినుంచి వచ్చేసింది. అంతే. ఇచ్చిన నగల విలువ చాల్లేదని సాకు చెప్పి, జామీనును వెనక్కి పంపి, హైదరాలీ మళ్లీ ముట్టడి బిగించినాడు. మురారిరావు ఏ షరతూ లేకుండా లొంగిపోవాల్సి వచ్చింది. చివరికి కబ్బాళదుర్గంలో ఖైదీగానే పోయినాడు.

ఆ కుర్రవాణ్ని మా క్లాసులో అందరమూ ద్రోహి అన్నాం. సారు ఒప్పుకోలేదు. “ఎన్నాళ్లకో కడుపునిండా తిని, చెంబెడు నీళ్లు తాగినవాడు రా. నీ ఎదురుగా పెట్టుంటే నువ్వేం చేసేవాడివి?” అన్నారు. సైన్యంలో చేరినాక నేను సారు పక్షానికి వచ్చినాను. తప్పు పట్టాలంటే, దప్పికతో ఉన్న పిల్లవాణ్ని శత్రువు పంక్తికి పంపిన పెద్దవాళ్లను పట్టాలి.

మన కర్నూలుకూ అలాంటి రోజొకటుంది. నవాబు గులాం రసూల్ ఖాన్ గుట్టుగా ఆయుధాలు పోగుచేసినాడని 1839లో కంపెనీ సేన వచ్చింది. నవాబు కోట విడిచి జోరాపురం చేరినాడు. ఆయన వెంట ఉన్న కిరాయి అరబ్బులు, రోహిల్లాలు జీతం బాకీలు తేలనిదే కదలమన్నారు. అక్టోబర్ 18న పోరు జరిగింది. నవాబు పట్టుబడి తిరుచిరాపల్లి చేరినాడు, అక్కడే హత్యకు గురైనాడు. ఆ సిపాయిల పేర్లు కూడా మనకు మిగల్లేదు. కొండారెడ్డి బురుజు దగ్గర ఫోటోలు దిగే పిల్లలకు జోరాపురం ఎటువైపో చెప్పేవాళ్లెవరు?

సంఘం పెద్దలకు ఒక మనవి. స్వర్ణోత్సవ నిధిలో మిగిలిన డబ్బుతో తొమ్మిదో తరగతి పిల్లలను డోన్ మీదుగా గుత్తికి తీసుకుపోదాం. బస్సు ఖర్చులో సగం మా బ్యాచ్ పెట్టుకుంటుంది. ఏప్రిల్లో వద్దు, సంక్రాంతి లోపల పోదాం. తలకు రెండు సీసాల నీళ్లు ఉండాల. ఒక సీసా మెట్లు ఎక్కేసరికే అయిపోతుంది.