పలకరాతిపై వెలసిన చిత్రములు

తర్లుపాడు, మార్కాపురము ప్రాంతములవారికి పలకరాయి క్రొత్త వస్తువు కాదు. గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున మార్కాపురము రోడ్డు దాటి, తర్లుపాడు మీదుగా కంభము చేరువరకు గల ఈ సీమ పలకరాతికి పుట్టినిల్లు. తెలుగునాటనే కాక ఇతర రాష్ట్రములలోను ఎందరో బిడ్డలు మార్కాపురము పలకమీద ఓనమాలు దిద్దికొనిరి. ఇట్టి రాతిమీదనే ఒకప్పుడు ఇటలీ దేశమున మహాచిత్రకారులు తైలవర్ణములతో చిత్రములు రచించిరన్న సంగతి మాత్రము మనలో పెక్కుమందికి తెలియదు. నేటి ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ కథయే. పలకను చేతపట్టి పెరిగినవారు ఆ చిత్రముల మర్మమును ఇతరులకంటె సులువుగా గ్రహింపగలరని మా విశ్వాసము.

ఇటలీలో 15, 16వ శతాబ్దములను పునరుజ్జీవన కాలమందురు. ప్రాచీన గ్రీకు, రోమను విద్యలను అక్కడివారు తిరిగి అభ్యసించిరి. మానవదేహపు నిర్మాణమును, దూరమును, వెలుగునీడలను శాస్త్రదృష్టితో పరిశీలించిరి. లియొనార్డో డావించీ, మైకెలాంజెలో, రాఫెయెల్, వెనిసు నగరమున టిషియన్ ఆ యుగమునకు వన్నె తెచ్చినవారు. మన దేశమున శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన కాలమును తలచుకొన్నచో, వీరందరు ఆయనకు సమకాలికులని తెలియును. వీరి ప్రతిభను గూర్చి అందరును చెప్పుదురు. వీరిని నిదురపోనీయని చింత యొకటి కలదు. వేసిన చిత్రము ఎంతకాలము నిలుచును? ఇదియే ఆ చింత.

ఈ చింత ఊరక పుట్టినది కాదు. లియొనార్డో మిలాను నగరమున ఒక మఠపు భోజనశాల గోడపై క్రీస్తు తుదివిందును సుమారు 1495–1498 మధ్య చిత్రించెను. గోడలపై చిత్రించువారు సామాన్యముగా తడి ఆరని సున్నపు గారమీద రంగు వేయుదురు. గార ఆరునప్పుడు రంగు దానితో కలిసి గట్టిపడును. కాని ఆ పద్ధతిలో తొందరగా పని ముగింపవలెను. లియొనార్డోది నిదానించి, మరల మరల దిద్దుకొను స్వభావము. అందుచే ఆయన ఆరిన గోడపైననే రంగులు వేసెను. ఫలితముగా ఆయన బ్రతికియుండగానే, 1517 నాటికే, ఆ చిత్రము చెడిపోవుట చూచినవారు వ్రాసియుంచిరి. మైకెలాంజెలో మాత్రము రోమున సిస్టైను దేవాలయపు కప్పును 1508–1512 మధ్య తడిగారమీదనే చిత్రించెను. మన లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలమున, మండపముల కప్పులపై చిత్రములు వ్రాసినవారును సున్నపు గారనే నమ్ముకొనిరి. కప్పు నిలిచినంతవరకే గదా కప్పుమీది చిత్రము! గార రాలినచో రంగును దానితోడనే రాలును.

1527లో రోమునగరమునకు పెద్ద ఉపద్రవము వచ్చెను. చక్రవర్తి ఐదవ చార్లెసు సైనికులు జీతములు అందక తిరుగబడి నగరమును దోచిరి. ఎన్నో కళాఖండములు నాశమయ్యెను. పోపు ఏడవ క్లెమెంటు కోటలో తలదాచుకొనెను. ఆ కోటలో ఆయనతోపాటు ఉన్నవారిలో సెబాస్టియానో అను చిత్రకారుడొకడు. వెనిసులో పుట్టి, 1511లో రోమునకు వచ్చి, మైకెలాంజెలోకు స్నేహితుడైనవాడు. తరువాత పోపు ఆయనకు సీసపు ముద్రల అధికారమును ఇచ్చుటచే సెబాస్టియానో డెల్ పియోంబో, అనగా సీసపు సెబాస్టియానో, అను పేరు స్థిరపడినది. నగరము కాలుట కన్నులార చూచిన ఈ చిత్రకారుడు మూడేండ్లు గడచునంతలో రాతిపై తైలవర్ణములు పట్టించు ఉపాయమును సాధించెను. 1530 నాటి లేఖయొకటి ఈ క్రొత్త విద్యను గూర్చి ఆశ్చర్యముతో ప్రస్తావించుచున్నది. సుమారు 1531లో ఆయన పోపు క్లెమెంటు ముఖచిత్రమును పలకరాతిపైననే రచించెను.

చిత్రకారుల జీవితచరిత్రలను 1550లో ప్రకటించిన జార్జియో వసారీ ఈ పద్ధతిని వివరించియున్నాడు. కొయ్యపలకను పురుగు తొలుచును, అది వంగును. గుడ్డ చివుకును. రాయికి ఆ బాధలు లేవు. ఇందులకు తగిన పలకలు జెనోవా సముద్రతీరమున దొరకునని ఆయన వ్రాసెను. ఆ తీరమున లవాన్యా అను ఊరు కలదు. ఇటలీ భాషలో నేటికిని బడిలోని నల్లబల్లకు లవాన్యా అనియే పేరు. మార్కాపురము పేరు చెప్పగనే మనకు పలక స్ఫురించినట్లే అక్కడను జరిగినదన్నమాట! ఒక్క భేదము కలదు. ఈ రెండు రాళ్ళును నీటి అడుగున పేరుకొన్న సన్నని బురద అణగి గట్టిపడుటచే ఏర్పడినవే అయినను, జెనోవా రాయి వయస్సు పది కోట్ల ఏండ్లకు లోపలిది, కంభము పొరల రాయి వయస్సు నూరుకోట్ల ఏండ్లకు పైబడినది.

అయితే శాశ్వతత్వమునకు వెల చెల్లింపక తప్పదు. పలక బరువు, క్రిందపడినచో పగులును. ఈ సంగతి మన పిల్లలకు ఎవరును చెప్పనక్కరలేదు. సెబాస్టియానో చిత్రములు బరువుచే కదల్చుటకు వీలులేకుండెనని వసారీయే వ్రాసెను. స్పెయిను దేశమునకు కానుకగా పంపుటకై ఆయన 1533లో ఒప్పుకొన్న పెద్ద పలకచిత్రము, ఒడిలో క్రీస్తు దేహముతో మేరీమాత దుఃఖించునది, 1539 నాటికి గాని పూర్తికాలేదు. దానిని ఓడపై చేర్చుట వేరొక ప్రయాస.

టిషియన్ ఈ విద్యను మితముగా వాడుకొనెను. ముండ్లకిరీటము ధరించిన క్రీస్తును రెండడుగుల పైచిలుకు ఎత్తుగల పలకరాతిపై 1547లో చిత్రించి, మరుసటి యేట ఐదవ చార్లెసు చక్రవర్తికి సమర్పించెను. ఎవని సైనికులు రోమును దోచిరో ఆ చక్రవర్తియే ఇతడు! చార్లెసు రాజ్యము విడిచి యూస్తె అను పల్లెలోని మఠమున చివరి దినములు గడపునప్పుడు ఈ పలకను తనవెంట ఉంచుకొనెను. 1558లో అక్కడనే మరణించెను. ఆ చిత్రము నేడు మాడ్రిడు నగరపు ప్రాడో చిత్రశాలలో భద్రముగా నున్నది.

ఇక 17వ శతాబ్దమునకు వత్తము. బరోక్ అను పేరుగల నూతనరీతి ఆ శతాబ్దారంభమున రోమున పెంపొందినది. పునరుజ్జీవన చిత్రములో నెమ్మది, సమత్వము ప్రధానములు. బరోక్ చిత్రములో చలనము, ఆవేశము, చీకటిని చీల్చుకొనివచ్చు వెలుగు ప్రధానములు. ఈ చీకటివెలుగులకు ఆచార్యుడు కారవాజియో. రోములోని కియెసా నూవా, అనగా క్రొత్త దేవాలయము, కొరకు ఆయన సుమారు 1603–1604లో క్రీస్తును సమాధిచేయు దృశ్యమును రచించెను. అందలి చీకటినంతను ఆయన గుడ్డమీద రంగుతో కల్పించెను. అంతకు మునుపే జాకొపో బస్సానోయు, తరువాత వెరోనావాడగు అలెస్సాండ్రో టుర్కియు వేరొక మార్గము త్రొక్కిరి. వారు నల్లరాతిని తీసికొని, రాతి నలుపునే రాత్రిగా విడిచి, దివిటీల వెలుగును, ముఖములను మాత్రము చిత్రించిరి. నల్లపలకమీద తెల్లని అక్షరము ఎట్లు మెరయునో ఎరిగిన మనకు ఈ కిటుకు వింతగా తోచదు.

పలకరాతి కథలో అన్నిటికంటె చక్కని ఘట్టము అదే క్రొత్త దేవాలయమున జరిగినది. యాంట్‌వర్పు వాసియగు రూబెన్సు, తన ముప్పదియవ యేటికి లోపుననే, ఆ గుడి ప్రధానపీఠమునకు చిత్రము వ్రాయు పనిని 1606లో సంపాదించెను. గుడ్డమీద చిత్రము సిద్ధమైనది, చూచినవారు మెచ్చిరి. తీరా పీఠముపై నిలుపగా, పైనుండి పడు వెలుతురు నూనెరంగుపై తళుక్కుమని మెరసి, బొమ్మలను పోల్చుటకే వీలులేకపోయెను. రూబెన్సు తన పనిని సమర్థించుకొనుచు కూర్చుండలేదు. రంగును పీల్చుకొని మెరుపును చంపునట్టి రాతిపై మరల చిత్రింతునని ఒప్పుకొని, 1608లో పలకరాతిపై మూడు చిత్రములను పూర్తిచేసెను. అవి నేటికిని ఆ గుడిలోనే యున్నవి. ఆ యేడే తల్లి జబ్బు వార్త విని స్వదేశమునకు తరలిపోయెను. ఆయన చేరులోపలనే ఆమె మరణించెను. రోమున పనికిరాని మొదటి చిత్రమును ఆయన యాంట్‌వర్పులో తల్లి సమాధిపై నిలిపెను. అది ఇప్పుడు ఫ్రాన్సులోని గ్రెనోబులు చిత్రశాలలో కలదు.

ఇందు మేము గ్రహించిన దొకటి కలదు. సెబాస్టియానో రాతిలో స్థిరత్వమును చూచెను. రాత్రిచిత్రములవారు నలుపును చూచిరి. రూబెన్సు మెరుపులేని గుణమును చూచెను. రాయి ఒక్కటే, దాని గుణములు పెక్కు. పదార్థమును చేతితో ఎరిగినవానికే ఆ గుణములు ఒక్కొక్కటిగా బయటపడును. అమెరికాలోని సెయింట్ లూయీ చిత్రశాలలో 2022లో కేవలము రాతిపై వేసిన యూరపు చిత్రములతో పెద్ద ప్రదర్శన జరిగెనన్నచో, ఈ విద్యపట్ల లోకమునకు గౌరవము మరల కలిగినదనియే చెప్పవలెను.

మన సీమలోనో, బడిపలకకు గిరాకి తగ్గినది. కాగితపు పుస్తకములు, రేకుపలకలు దాని స్థానమును ఆక్రమించినవి. ఇప్పటి రాయి ఇండ్ల గచ్చులకు, గోడల సొగసుకు పోవుచున్నది. ఉలి ఒరను పొరకు ఆనించి, ఒక్క దెబ్బతో రాతిని సమముగా చీల్చు పనివాని చేతియందు గల జ్ఞానము వసారీ గ్రంథమునకు తీసిపోవునది కాదు. ఆ చేతికి పని నిలుపుటయు, రాతిదుమ్ము అతని ఊపిరితిత్తులలో చేరకుండ నీరుచల్లి కోయించుటయు మన కర్తవ్యములు.

ఈ ప్రాంతపు పాఠశాలలలోని చిత్రలేఖనోపాధ్యాయులకు మా మనవి ఒక్కటి. గనులవద్ద వృథాగా పడియున్న నున్నని పలకముక్కలను కొన్నిటిని తెప్పింపుడు. విద్యార్థులచేత వానిపై తైలవర్ణములు వేయింపుడు. రాతి నలుపును చెరపక, ఒక దీపమును, ఆ వెలుగున ఒక ముఖమును చిత్రించు పని పెట్టుడు. కారవాజియో, టిషియన్, రూబెన్సు ఎట్టి చిక్కులతో పోరాడిరో ఆ బిడ్డలకు పుస్తకము తెరువకయే తెలిసిపోవును. ఆ ముక్క తమ ఊరి రాయియే అన్న సంగతియు వారి మనస్సున నిలుచును.